పెట్టె ఎక్కింది, మనిషి ఎక్కలేదు: విమానాశ్రయ తనిఖీల చరిత్ర

మన సంఘ సభ్యుల్లో పిల్లల దగ్గరకు అమెరికాకో, ఆస్ట్రేలియాకో, కనీసం బెంగుళూరుకో విమానంలో వెళ్లిరానివారు ఇప్పుడు తక్కువే. నెలవారీ సమావేశం ముగిసి టీ కప్పులు చేతికొచ్చాక సాగే కబుర్లలో డి.ఏ. బకాయిల తరువాతి స్థానం విమానాశ్రయ తనిఖీలదే. మోకాలిచిప్ప మార్పిడి చేయించుకున్నందుకు మూడుసార్లు తడిమి చూశారని ఒకరు, ఆవకాయ సీసా చెత్తబుట్టలో వేయించారని ఇంకొకరు, ఒకచోట విప్పమన్న బూట్లు మరోచోట విప్పనక్కర్లేదన్నారని వేరొకరు చెబుతుంటారు. చివరకు అందరూ వేసే ప్రశ్న ఒకటే: "ఇంత చేస్తే నిజంగా ఏమైనా ఆగుతోందా?" ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం అడిగినప్పుడు, ఈ ప్రశ్నకే చరిత్రలో జవాబు వెదికితే బాగుంటుందనిపించింది.

ఉద్యోగ జీవితమంతా ఆడిట్‌లో గడిపినవాణ్ణి కాబట్టి ఏ తనిఖీనైనా రెండు ప్రశ్నలతో చూడడం నాకు అలవాటు. దీన్ని దేన్ని పట్టుకోవడానికి పెట్టారు? పట్టుకుంటున్నదో లేదో ఎవరు లెక్క చూస్తున్నారు? ఈ రెండు ప్రశ్నలనూ చేతబట్టుకునే ఈ చరిత్రలోకి వెళదాం.

తనిఖీ లేని రోజులు

విమానం ఎక్కాలంటే టికెట్టు ఉంటే చాలుననే కాలం ఒకటి ఉండేది. ఆ కాలంలోనే, 1968 నుంచి 1972 వరకు ఐదేళ్లలో, అమెరికాలో 130కి పైగా విమానాలు హైజాక్ అయ్యాయి. చాలావాటిని క్యూబాకు తరలించుకుపోయారు. అయినా ప్రయాణికులందరినీ సోదా చేయడానికి అక్కడి విమాన సంస్థలు చాలాకాలం ఇష్టపడలేదు. ఖర్చు ఎక్కువవుతుందని, మర్యాదస్థులైన ప్రయాణికులు చిన్నబుచ్చుకుంటారని వారి వాదన. హైజాకర్ అడిగిన చోటికి తీసుకుపోయి, తరువాత విమానాన్ని తిరిగి తెచ్చుకోవడమే చౌక అని లెక్క వేసుకున్నారు.

ఆ లెక్క 1972 నవంబరు 10న తలకిందులైంది. సదరన్ ఎయిర్‌వేస్ విమానాన్ని చేజిక్కించుకున్న ముగ్గురు వ్యక్తులు, తాము అడిగింది ఇవ్వకపోతే టెన్నెసీ రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్ అణుకేంద్రం మీద దాన్ని కూల్చేస్తామని బెదిరించారు. విమానమే ఆయుధం కాగలదని అప్పుడు అర్థమైంది. 1973 జనవరి 5 నుంచి ప్రతి ప్రయాణికుణ్ణీ, ప్రతి చేతిసంచినీ చూసే పంపాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. దాంతో అక్కడ హైజాకింగులు ఒక్కసారిగా పడిపోయాయి. కాబట్టి మన సభ్యుల ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడే దొరుకుతుంది. తుపాకీతో విమానం ఎక్కేవాణ్ణి ఆపడానికి పెట్టిన గేటు ఆ పని చేసింది. దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు.

మన దేశంలో కథ మరోలా మొదలైంది. 1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్మూ వెళుతున్న 'గంగ' అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఫోకర్ విమానాన్ని ఇద్దరు యువకులు లాహోరుకు మళ్లించారు. వారి చేతుల్లో ఉన్నవి ఒక బొమ్మ పిస్తోలు, కొయ్యతో చేసిన గ్రెనేడు. ప్రయాణికులను వదిలిపెట్టారు గాని, ఫిబ్రవరి 2న విమానాన్ని తగులబెట్టారు. దరిమిలా పాకిస్తాన్ విమానాలు మన గగనతలం మీదుగా ఎగరకుండా భారత ప్రభుత్వం నిషేధించింది. పశ్చిమ పాకిస్తాన్ నుంచి తూర్పు పాకిస్తాన్‌కు వెళ్లే విమానాలు శ్రీలంక మీదుగా చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. ఒక బొమ్మ పిస్తోలు చేసిన పని ఇది.

1976 సెప్టెంబరు 10న మరో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని లాహోరుకు తీసుకుపోయారు. దాని మీద నియమించిన పాండే కమిటీ సిఫారసుతో 1978 జనవరిలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌లో ఒక భద్రతా విభాగం ఏర్పడింది. ఈనాటి పౌర విమానయాన భద్రతా బ్యూరోకు అదే మూలం. అదే ఏడాది డిసెంబరు 20న లక్నో నుంచి ఢిల్లీ వెళుతున్న విమానాన్ని మరో ఇద్దరు యువకులు, ఇందిరాగాంధీని జైలు నుంచి విడుదల చేయాలంటూ వారణాసికి మళ్లించారు. ఈసారి ఆయుధాలు బొమ్మ తుపాకులు, ఒక క్రికెట్ బంతి. 1980లో ఆ ఇద్దరూ ఉత్తరప్రదేశ్ శాసనసభ్యులయ్యారు కూడా! లోహం కోసం వెదికే యంత్రానికి కొయ్య గ్రెనేడూ చిక్కదు, క్రికెట్ బంతీ చిక్కదు. ఈ రెండు సందర్భాల్లోనూ వారు నమ్ముకున్నది ఆయుధాన్ని కాదు, ఎదుటివారి భయాన్ని.

కనిష్క

ఇక ఈ చరిత్రలో నన్ను అన్నింటికంటే ఎక్కువ కలచివేసిన ఘట్టం. 1985 జూన్ 22న కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో ఎం. సింగ్ పేరుతో టికెట్టు ఉన్న ఒక ప్రయాణికుడు కౌంటరు దగ్గరకు వచ్చాడు. టొరంటో వరకే అతని సీటు ఖాయమైంది. అక్కడి నుంచి ఢిల్లీ వెళ్లే ఎయిరిండియా విమానంలో అతనిది వెయిటింగ్ లిస్టు. సీటు ఖాయం కాని విమానానికి పెట్టెను నేరుగా పంపకూడదు. అయినా పంపాల్సిందేనని అతను పట్టుబట్టాడు. వెనక పెద్ద వరుస నిలబడి ఉంది. కౌంటరులోని ఉద్యోగిని మొదట కాదన్నా, చివరకు ఢిల్లీ ట్యాగు కట్టి పెట్టె తీసుకుంది. పెట్టె విమానం ఎక్కింది, మనిషి ఎక్కలేదు.

టొరంటోలో ఆ పెట్టెను ఎయిరిండియా విమానంలోకి మార్చారు. ఆ రోజు సామాను చూడవలసిన ఎక్స్‌రే యంత్రం పని మధ్యలో పాడైంది. మిగిలిన పెట్టెలను చేత్తో పట్టుకునే ఒక వాసన పరికరంతో చూసి పంపారు. ఆ పరికరం నమ్మదగింది కాదని అంతకుముందు జరిగిన పరీక్షలోనే తేలింది. మరునాడు, జూన్ 23న, ఐర్లండు తీరానికి దగ్గరలో అట్లాంటిక్ సముద్రం మీద 'కనిష్క' పేలిపోయింది. 329 మంది మరణించారు. అదే రోజు, అలాగే మనిషి లేకుండా ప్రయాణించిన మరో పెట్టె టోక్యోలోని నరిటా విమానాశ్రయంలో పేలి, సామాను మోసే ఇద్దరు కార్మికుల ప్రాణాలు తీసింది.

ఇక్కడ లోపించింది గొప్ప యంత్రమేమీ కాదు. విమానం ఎక్కిన మనుషుల జాబితా ఒకటి, ఎక్కించిన పెట్టెల జాబితా ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టుకుని టాలీ చేస్తే, మనిషి లేని పెట్టె ఒకటి మిగిలిపోయిందని తెలిసిపోయేది. చలానా ఉండి సొమ్ము లేకపోతే ఏ ట్రెజరీ గుమాస్తా అయినా సాయంత్రం పద్దు మూసి ఇంటికి వెళతాడా? మన ఆఫీసుల్లో వంద రూపాయల తేడాకు రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చున్నవాళ్లం మనం. ఆ పాటి లెక్క ఆ రోజు ఎవరూ చూడలేదు. కెనడా ప్రభుత్వం నియమించిన జస్టిస్ జాన్ మేజర్ కమిషన్ 2010లో నివేదిక ఇస్తూ, ఒకదాని వెనుక ఒకటిగా జరిగిన తప్పులన్నింటినీ ఎత్తి చూపింది. ఆ నివేదిక చేతికి రావడానికి పాతికేళ్లు పట్టింది. మన దేశంలో ఈ దుర్ఘటన తరువాతే, 1987 ఏప్రిల్ 1న, భద్రతా బ్యూరోను స్వతంత్ర శాఖగా ఏర్పాటు చేశారు.

ఆ మరుసటి ఏడాదే గేటు సంగతి పూర్తిగా పక్కన పెట్టి వచ్చినవారు కొందరున్నారు. 1986 సెప్టెంబరు 5న కరాచీలో బొంబాయి నుంచి వచ్చి ఆగిన పాన్ యామ్ 73 విమానం దగ్గరకు నలుగురు సాయుధులు విమానాశ్రయ భద్రతా సిబ్బంది దుస్తుల్లో, భద్రతా వాహనంలా అమర్చిన వ్యాన్‌లో వచ్చారు. ప్రయాణికుల సోదా ఎంత కట్టుదిట్టంగా ఉన్నా వారిని ఆపేది కాదు. ఆ రోజు పైలట్లను హెచ్చరించి, విమానం ఎగరకుండా చేసి, ప్రయాణికులను కాపాడుతూ ప్రాణమిచ్చిన నీర్జా భానోత్‌కు భారత ప్రభుత్వం అశోకచక్ర ఇచ్చింది.

మళ్లీ అదే పెట్టె

కనిష్క తరువాత మనిషికీ పెట్టెకూ టాలీ ఉండాలని అంతర్జాతీయంగా నిర్ణయించుకున్నారు. కాగితం మీద నిబంధన వచ్చినంత మాత్రాన పని జరగదని మనకు వేరే చెప్పాలా? 1988 డిసెంబరు 21న లండన్ నుంచి న్యూయార్క్ బయలుదేరిన పాన్ యామ్ 103 విమానం స్కాట్లండులోని లాకర్బీ మీద పేలిపోయింది. విమానంలో ఉన్న 259 మందీ, కింద ఊళ్లో 11 మందీ కలిసి 270 మంది మరణించారు. బాంబును రేడియో క్యాసెట్ ప్లేయర్‌లో దాచి, తోడు మనిషి లేని పెట్టెలో పంపారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇతర విమానాల నుంచి మారే పెట్టెలకు టాలీ చేయడం మానేసి, ఎక్స్‌రేతో సరిపెట్టుకున్నారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ మూడున్నరేళ్లయినా మొరగలేదు.

1990లలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ప్రయాణించినవారికి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. మెట్లు ఎక్కబోయే ముందు విమానం పక్కన నేల మీద వరుసగా పేర్చిన పెట్టెల దగ్గర ఆగి, "ఇది నాది" అని వేలితో చూపించాలి. చూపించిన పెట్టే లోపలికి వెళ్లేది. ఎవరూ చూపించని పెట్టె అక్కడే ఉండిపోయేది. ఎండలో నిలబడి విసుక్కునేవాళ్లం. కాని ఈ వ్యాసంలో చెప్పుకుంటున్న తనిఖీలన్నింటిలోనూ అతి తక్కువ ఖర్చుతో, ఏ యంత్రమూ లేకుండా, కనిష్క నేర్పిన పాఠాన్ని సూటిగా అమలు చేసిన తనిఖీ అదే. ఇప్పుడు ఆ పనిని ట్యాగు మీది గీతలు చదివే కంప్యూటరు చేస్తోంది. దీనికీ హద్దు లేకపోలేదు. తన పెట్టెతోపాటు తానూ చావడానికి సిద్ధపడి వచ్చేవాణ్ణి టాలీ ఆపలేదు. ఆ పని వేరే తనిఖీలు చూసుకోవాలి.

యంత్రం వెనుక మనిషి

సోదా గుమ్మం లోహాన్ని పసిగడుతుంది, పేలుడు పదార్థాన్ని కాదు. ఎక్స్‌రే తెర మీద లోహం నీలంగానూ, సేంద్రియ పదార్థం నారింజ రంగులోనూ కనిపిస్తుంది. మనం మనవలకు పట్టుకెళ్లే సున్నుండలు, సబ్బు బిళ్ల, పుస్తకాల కట్ట, పేలుడు పదార్థం అన్నీ ఆ నారింజ కుటుంబంలోవే. ఆకారం చూసి, అమరిక చూసి తేడా కనిపెట్టవలసింది మనిషే. సంచి తరువాత సంచి వస్తూనే ఉంటుంది. దాదాపు అన్నింటిలోనూ ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఎప్పుడో ఒకసారి వచ్చేదాన్ని కన్ను వదిలేయడం సహజం. అందుకే యూరప్‌లో ఒకరిని 20 నిమిషాలకు మించి ఏకబిగిన తెర ముందు కూర్చోనివ్వరు. నిఘా సడలకుండా అప్పుడప్పుడు ఉత్తుత్తి తుపాకీ బొమ్మను తెర మీద చూపించి పరీక్షించే ఏర్పాటు కూడా యంత్రాల్లో ఉంది.

ఈ మనిషిని అమెరికా ఎలా చూసిందో అక్కడి ప్రభుత్వ లెక్కల తనిఖీ కార్యాలయం 2000లో వివరంగా చెప్పింది. ఆనాడు సోదా బాధ్యత విమాన సంస్థలది. అవి ఆ పనిని కాంట్రాక్టుకు ఇచ్చేవి. పరీక్ష కోసం పంపిన ప్రమాదకర వస్తువుల్లో 1978లో 13 శాతం, 1987లో 20 శాతం సిబ్బంది కంటపడలేదు. 1998 మే నుంచి 1999 ఏప్రిల్ వరకు 19 పెద్ద విమానాశ్రయాల్లో ఉద్యోగాలు వదిలి వెళ్లినవారి సగటు 126 శాతం, ఒకచోట 416 శాతం! అంటే ఏడాది తిరిగేసరికి ఉన్నవారందరి స్థానాలూ మారిపోయి, కొత్తగా వచ్చినవారిలోనూ కొందరు వెళ్లిపోయారన్నమాట. అదే విమానాశ్రయంలోని ఫాస్ట్‌ఫుడ్ హోటల్లో పనిచేస్తే ఇంతకంటే ఎక్కువ జీతం వచ్చేది. ఈ నివేదిక వచ్చిన మరుసటి ఏడాదే 2001 సెప్టెంబరు 11 సంభవించింది.

ఆ రోజు సంగతుల్లో చాలామందికి తెలియనిది ఒకటుంది. వాషింగ్టన్ దగ్గరి డల్లస్ విమానాశ్రయంలో ఎక్కిన ఐదుగురు హైజాకర్లలో ముగ్గురి దగ్గర లోహపు గుమ్మం మోగింది. వారిని మళ్లీ పరీక్షించి పంపేశారు. నాలుగు అంగుళాల లోపు కత్తిని అప్పటి నిబంధనలు అనుమతించేవి. ఆ రోజు ఎక్కిన 19 మందిలో సగానికి పైగా పేర్లను అనుమానితులుగా కంప్యూటరు ముందే ఎంచింది కూడా. కాని అలా ఎంచిన వారి విషయంలో చేయవలసింది, వారు విమానం ఎక్కేదాకా వారి పెట్టెలు ఎక్కించకపోవడం ఒక్కటే. వారు నిజంగానే ఎక్కారు! ఎప్పుడో జరిగిన నేరానికి రాసుకున్న నిబంధన, కొత్త నేరం ముందు ఇలా నిలబడిపోయింది.

బూట్లు, సీసాలు

ఆ తరువాత వచ్చిన నిబంధనల వరస చూస్తే ఆడిట్‌లో పనిచేసినవారికి నవ్వు వస్తుంది. ఒకచోట సొమ్ము కాజేస్తే ఒక కొత్త రిజిస్టరు పెట్టడం, పాత రిజిస్టర్లు ఒక్కటీ తీయకపోవడం మనకు తెలియనిదా! 2001 డిసెంబరు 22న పారిస్ నుంచి మయామీ వెళ్లే విమానంలో రిచర్డ్ రీడ్ అనేవాడు బూటులో దాచిన బాంబును అంటించబోయాడు. ఆ ఫలితంగా ప్రపంచం బూట్లు విప్పింది. 2006 ఆగస్టులో ద్రవరూపంలో పేలుడు పదార్థాలు తీసుకెళ్లే కుట్ర లండన్‌లో బయటపడింది. ఆ ఫలితమే 100 మిల్లీలీటర్ల నిబంధన, మన ఆవకాయ కష్టాలు. 2009 డిసెంబరు 25న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్లే విమానంలో ఒక నైజీరియా యువకుడు లోదుస్తుల్లో బాంబు దాచి తెచ్చాడు. దాంతో ఒంటిని చూసే స్కానర్లు విరివిగా వచ్చాయి.

ఈ మూడింటినీ ఆపిందెవరు? రీడ్‌ను విమాన సిబ్బంది, తోటి ప్రయాణికులు పట్టుకున్నారు. లండన్ కుట్రను పోలీసు నిఘా ముందే కనిపెట్టింది. నైజీరియా యువకుణ్ణి తోటి ప్రయాణికులు లొంగదీశారు. కొడుకు పోకడ బాగాలేదని అతని తండ్రి నెల రోజుల ముందే అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి చెప్పుకున్నాడు. ఆ తండ్రి మాట ఫైలులోనే ఉండిపోయింది. మూడింటిలో ఒక్కటి కూడా సోదా గేటు దగ్గర దొరకలేదు. కాని కొత్త నిబంధనలన్నీ వచ్చి పడింది ఆ గేటు మీదనే.

2001 తరువాత అమెరికా సోదాను ప్రభుత్వోద్యోగుల చేతికి ఇచ్చింది. జీతాలు, శిక్షణ మెరుగుపడ్డాయి. అయినా 2015లో ఇన్‌స్పెక్టర్ జనరల్ పంపిన మారువేషగాళ్లు 70 సార్లు ప్రయత్నిస్తే 67 సార్లు నకిలీ ఆయుధాలు, బాంబులు దాటించగలిగారన్న సంగతి పత్రికలకు పొక్కింది. ఆ సంస్థ తాత్కాలిక అధిపతిని ఆ పదవి నుంచి తప్పించారు. బూట్లు విప్పించే నిబంధనను 2025 జూలైలో గాని ఎత్తివేయలేదు. రిజిస్టరు ఒకటి తీసేయడానికి ఇన్నేళ్లు పట్టింది.

మన గేటు దగ్గర

ఇక మన దేశానికి వద్దాం. 1993 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్లే విమానాన్ని హైజాక్ చేసినవాడు కాలికి కట్టిన సిమెంటు కట్టులో ఆయుధం దాచి తెచ్చాడు. నడవలేని మనిషిని తడిమి చూడడానికి మనసొప్పకపోవడం మన సంస్కారం. ఆ సంస్కారాన్నే అతను వాడుకున్నాడు. అమృత్‌సర్‌లో కమెండోలు ప్రయాణికులను విడిపించారు. నేటికీ చక్రాల కుర్చీలో వచ్చిన పెద్దవారిని కూడా సోదా చేస్తున్నారంటే దానికి ఇలాంటి కారణాలున్నాయి.

1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి బయలుదేరిన ఐసీ 814 విమానాన్ని ఐదుగురు కాందహార్ తీసుకుపోయిన ఉదంతం అందరికీ తెలిసిందే. ఒక ప్రయాణికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. మిగిలినవారి విడుదలకు ముగ్గురు ఉగ్రవాదులను వదలవలసి వచ్చింది. అప్పటిదాకా మన విమానాశ్రయాల్లో సోదా చేసేది ఆయా రాష్ట్రాల పోలీసులు. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి ఆ పనిని కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగిస్తూ వచ్చారు. దేశమంతటా ఒకే శిక్షణ, ఒకే పద్ధతి ఉండాలన్నది ఉద్దేశం. అయినా తేడాలు పూర్తిగా పోలేదు. ఒకే ప్రయాణంలో నా గోళ్ల కత్తెరను వెళ్లేటప్పుడు ఒకచోట ఉండనిచ్చారు, వచ్చేటప్పుడు మరోచోట తీసేసుకున్నారు. ఏ నిబంధన అని అడిగితే జవాబు రాలేదు.

చేతిసంచి ట్యాగు మీద వేసే ముద్ర కూడా గుర్తు చేసుకోవాలి. ముద్ర పడలేదని మెట్ల దాకా వచ్చినవారిని వెనక్కు పంపిన సందర్భాలు ఎన్నో. 2017 ఏప్రిల్ 1 నుంచి హైదరాబాదుతో సహా ఏడు పెద్ద విమానాశ్రయాల్లో ఆ ముద్ర తీసేశారు. దానివల్ల కొంప మునగలేదు. అవసరం తీరిన తనిఖీని ధైర్యంగా తీసేసిన అరుదైన ఉదాహరణగా దాన్ని నేను మెచ్చుకుంటాను.

లెక్క తేలిందేమిటి

సభ్యుల ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. సోదా గేటు వృథా కాదు. 1973కు ముందు రోజులు మళ్లీ రాకూడదంటే అది ఉండాలి. కాని దాని మీద మోయలేని బరువు పెట్టారు. ప్రాణాలు కాపాడిన ఏర్పాట్లలో చాలా భాగం మన కంటికి కనబడవు. మనిషికీ పెట్టెకూ టాలీ అలాంటిది, పోలీసు నిఘా అలాంటిది, 2001 తరువాత గట్టిపరచిన పైలట్ల గది తలుపు అలాంటిది. ఆ తలుపు కూడా 2015 మార్చిలో జర్మన్‌వింగ్స్ విమానంలో దుర్మార్గుడైన సహ పైలట్ చేతిలో ఎదురుతిరిగి 150 మందిని బలిగొన్నది. కాబట్టి పెట్టి మరచిపోదగిన ఏర్పాటు ఏదీ లేదు.

కోరవలసింది సోదా తగ్గించమని కాదు. సోదాను కూడా నిర్ణీత కాలానికి ఒకసారి ఆడిట్ చేయాలి. ఏ నిబంధన ఎందుకు వచ్చింది, ఇంకా అవసరమా అని చూడాలి. తెర ముందు కూర్చునేవారి పని గంటలు, జీతం, విశ్రాంతి భద్రతలో భాగమేనని గుర్తించాలి. శరీరంలో లోహం అమర్చిన పెద్దవారికి గౌరవంగా, మరుగున సోదా జరగాలి. మన సంఘం పంపే వినతిపత్రాల్లో ఈ అంశాలకు కూడా చోటివ్వాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

సభ్యులకు ఒక మనవి. బయలుదేరవలసిన విమానం ఆగిపోయి, "ఒక ప్రయాణికుడు రాలేదు, అతని సామాను దించుతున్నాం" అని ప్రకటించినప్పుడు అరగంట ఆలస్యమవుతుంది. పక్కవాళ్లు గొణుగుతారు. మనం మాత్రం గొణగవద్దు. 1985 జూన్‌లో టొరంటోలో చూడకుండా వదిలేసిన పద్దును అప్పుడు కింద ఎవరో చూస్తున్నారన్నమాట. వారిని చూడనిద్దాం.